అర్చనకు బదులు పోయిన మనిషి

పొద్దున్నే మందు కొట్టే చేనుకు చేరగానే అర్చన డ్రోనును ముట్టుకునేది కాదు. దాన్ని ఆటోలోనే ఉంచి, ముందు చేను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేది. కలుపు తీసేవాళ్లు, మోటారు దగ్గరికి వచ్చినవాళ్లు, గొర్లు తోలుకుపోయేవాళ్లు, ఎవరు కనిపించినా వరస పెట్టి పిలిచేది.

“వదినా, ఇయ్యాల ఈ మిరపకు మందు కొడుతున్న. జర ఆ గట్టు దాటుండ్రి.”

“పెద్దనాయినా, గొర్లను ఇటు తోలకు. అటు చెరువు దిక్కు పోనియ్యి.”

పరాయి ఊరి కూలీలైతే వాళ్ల పేర్లు అడిగి మరీ చెప్పేది. అందరూ దూరం జరిగాక తల మీద కొంగు వేసుకుని, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేది. అప్పుడే డ్రోను రెక్కలు విప్పేది.

“ఏందే, విమానం లేపుతున్నట్టే చేస్తవ్,” అని ఆడవాళ్లు నవ్వితే, “విమానమే గద వదినా. నాకు లైసెన్సు ఇచ్చింది విమానాలోళ్లే,” అని తనూ నవ్వేది.

ఆ మాట నిజమే. మందు కొట్టే డ్రోను నడపాలంటే పౌర విమానయాన శాఖ ఒప్పుకున్న చోట శిక్షణ తీసుకుని, పరీక్ష నెగ్గి, పైలట్ లైసెన్సు తెచ్చుకోవాలి. బండికి ఉన్నట్టే డ్రోనుకూ నంబరు ఉంటుంది. మనుషుల మీదుగా ఎగరేయకూడదు, విమానాశ్రయం దగ్గర ఎగరేయకూడదు. రాజోలి పక్కన తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అటువంటి లైసెన్సు ఉన్నది అర్చన ఒక్కతికే. పది చదివి, పెళ్లయి వచ్చి, కూలికి పోయిన పిల్ల. ఆ కార్డును ఆమె బైబిలు సంచిలోనే పెట్టుకునేది.

మామ ఇస్రాయేలు మీది జాలితోనే ఆమె ఆ పనికి ఒప్పుకుంది. ఇస్రాయేలు తన వయసంతా వీపు మీద మందు డబ్బా మోస్తూ ఊళ్లోవాళ్ల చేలల్లో పిచికారీ చేశాడు. డబ్బా కారి, చొక్కా తడిసి, వీపు తోలు ఊడిపోయేది. ఇప్పుడు నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. రాత్రిళ్లు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంటాడు. మహిళా సంఘానికి డ్రోను ఇస్తామని, ఒకరిని శిక్షణకు పంపాలని అధికారులు వచ్చి చెప్పినప్పుడు ఎవరూ ముందుకు రాలేదు. మిషను పడిపోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయం వాళ్లది. అర్చన ఇంటికి వచ్చి మామను అడిగింది.

“పో బిడ్డా,” అన్నాడాయన దగ్గుతూనే. “గా విషం ఇంక ఎవని వీపు మీదికి రావద్దు. దేవుడు నీకు తోడుంటడు.”

శిక్షణ హైదరాబాదులో. ఆమె పోయేనాటికి వాళ్ల కౌలు మిరప చేను కలుపెక్కి ఉంది. భర్త శేఖర్ ఒక్కడే ఏం చేస్తాడని దిగులుపడుతుంటే పక్క చేను లింగయ్య, ఆయన భార్య కిష్టమ్మ వచ్చారు.

“నువ్వు పోయి చదువుకో పిల్లా,” అంది కిష్టమ్మ. “నీ కలుపు మేం తీస్తం. వచ్చినంక మాకు బదులు చేద్దువు. మీ విమానం మా మిరప మీద కూడ తిరగాలె గద.”

పాలమూరు పల్లెల్లో ఈ బదులుపని ఎప్పటి నుంచో ఉన్నదే. ఒకరి చేనుకు ఒకరు పోతారు, రూకల మాట ఉండదు. ఈ రోజు మీ ఇంటి నుంచి ఒకరు మా చేనుకు వస్తే, ఇంకో రోజు మా ఇంటి నుంచి ఒకరు మీ చేనుకు వస్తారు. వచ్చిన మనిషే పోవాలని లేదు. భార్యకు ఒంట్లో బాగాలేకపోతే భర్త పోతాడు, అత్త పోలేకపోతే కోడలు పోతుంది. పని ఇంటికి ఇల్లు చేసేది. ఎవరు వచ్చారని అడిగితే అది తప్పు పట్టినట్టే.

శిక్షణలో అర్చన పక్క మంచం పెద్దమందడి పిల్ల వైష్ణవిది. వైష్ణవికి ఇంకా పెళ్లి కాలేదు, మాట కంటే ముందు నవ్వు వస్తుంది. ఇద్దరూ ఒకరికొకరు పాఠం అప్పజెప్పుకునేవారు. చివరి రోజు సారు లైసెన్సులు చేతికిస్తూ, “ఇది మీది. మీ డ్రోను ఇంకొకరి చేతికి ఇవ్వకండి. ఇస్తే అది నేరం, మీ లైసెన్సు పోతుంది,” అని చెప్పాడు. అర్చన శ్రద్ధగా తలూపింది. ఇంకొకరంటే బయటివాళ్లే కదా అనుకుంది. ఎవడో వచ్చి అడిగితే ఇవ్వకూడదు, అంతే. శేఖర్ ఇంకొకడు అవుతాడని ఆమెకు తోచలేదు. వైష్ణవికీ తోచలేదు. ఆ గదిలో ఉన్న పల్లెటూరి ఆడపిల్లల్లో ఎవరికీ తోచి ఉండదు.

రెండు పంటలు బాగా గడిచాయి. రాజోలి చుట్టుపక్కలే కాదు, అమరచింత దాకా పోయి వరికి కొట్టి వచ్చింది. మందు డబ్బా మోసే పని తప్పిందని మగవాళ్లు మొక్కేవారు. ఒక ముసలాయన ప్రతిసారీ దోసిట్లో వేరుశనక్కాయలు తెచ్చి ఆటో సీటు మీద పోసి వెళ్లిపోయేవాడు. శేఖర్ ఆటో నడిపి, నీళ్లు పోసి, మందు కలిపేవాడు. ఖాళీ పొలంలో భార్య చేతిలోంచి రిమోటు తీసుకుని డ్రోనును లేపి, దించి, చిన్నపిల్లాడిలా సంబరపడేవాడు.

పోయిన ఏడు మిరప పూత మీద ఉండగా లింగయ్య చేనుకు నల్ల తామర పురుగు తగిలింది. పూవు పూవులో పురుగే. రెండు రోజులు ఆగితే పూత మొత్తం రాలిపోతుంది. లింగయ్య పొద్దున్నే వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. అప్పటికి అర్చన జ్వరంతో చాప మీద ఉంది. ఆర్‌ఎంపీ వచ్చి సూది వేసి పోయాడు, లేవబోతే కళ్లు తిరుగుతున్నాయి.

“ఒద్దులే బిడ్డా, పండుకో,” అన్నాడు లింగయ్య. కానీ అక్కడి నుంచి కదలలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు.

శేఖర్ భార్య పక్కన కూర్చున్నాడు. “నేను పోత. మన కలుపు తీసిండ్రు వాళ్లు. ఇంట్ల ఎవరో ఒకరు పోవాలె గద. నడిపిన గద నేను కూడ.”

“నీకు వస్తదా అంత చేను?”

“నువ్వు వాళ్ల చేనుకు గీత గీసి పెట్టినవ్ గద రిమోటుల. దాని తొవ్వ అదే పోతది. దించుడు ఒక్కటే నా పని.”

ఆమె రిమోటు తెప్పించుకుని, పడుకునే దాని తాళం నంబరు కొట్టి ఇచ్చింది. కిష్టమ్మ చేను, కిష్టమ్మ కష్టం. మనసు ఒప్పక కాదు, మనసు ఒప్పే ఇచ్చింది.

శేఖర్ చేను చుట్టూ తిరగలేదు. అది భార్య అలవాటే అనుకున్నాడు గానీ, పనిలో భాగమనుకోలేదు. లింగయ్య మందు కలుపుతూ మోటారు దగ్గర ఉన్నాడు. సగం చేను చక్కగా అయింది. మందు అయిపోయి, మళ్లీ నింపడానికి డ్రోనును గట్టు మీదికి దించుతున్నాడు. కళ్లు బ్యాటరీ అంకె మీద ఉన్నాయి. శేఖర్ పొద్దున ఏమీ తినకుండా వచ్చాడని కిష్టమ్మ జొన్నరొట్టెలు, వంకాయ కూర గంపలో పెట్టుకుని నెత్తి మీద మోసుకుంటూ మిరప సాళ్లలోంచి అడ్డంగా వచ్చింది. ఒక చెయ్యి పైకెత్తి గంప పట్టుకుని ఉంది. డ్రోను మోతలో ఆమె పిలుపు శేఖర్‌కు వినపడలేదు. రెక్క ఆ ఎత్తిన చేతికి తగిలింది.

అరుపు ఇంటి దాకా వినపడింది. అర్చన జ్వరంతోనే గోడలు పట్టుకుని, తర్వాత ఏమీ పట్టుకోకుండా పరిగెత్తింది. ఆమె పోయేసరికి లింగయ్య తన తువ్వాలుతో భార్య చెయ్యి చుట్టి ఒడిలో పెట్టుకుని ఉన్నాడు. రొట్టెలు మట్టిలో పడి ఉన్నాయి. శేఖర్ రిమోటు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. వేళ్లు బిగుసుకుపోయాయి. అర్చన ఒక్కొక్క వేలు విడదీసి దాన్ని తన చేతిలోకి తీసుకుంది.

కిష్టమ్మను గద్వాల దవాఖానకు, అక్కడి నుంచి కర్నూలుకు తీసుకుపోయారు. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి, మూడోది వంగదు. వానకాలంలో విత్తనాల కోసం వేసే సీడు పత్తికి క్రాసింగు చేయడంలో ఆమె చెయ్యి ఎంత సున్నితమో మేస్త్రీలందరికీ తెలుసు. పూమొగ్గ చిట్లకుండా విప్పి, పుప్పొడి అద్ది, నలగకుండా వదిలే చెయ్యి అది.

సాయంత్రం పోలీసులు చేను దగ్గరికి వచ్చారు. కానిస్టేబుల్ మంచివాడే. శేఖర్ వాలకం చూసి ముందు మంచినీళ్లు తాగించాడు. ఆ తర్వాత, “ఎవరు నడిపిండ్రమ్మా?” అని అడిగాడు.

రిమోటు అర్చన చేతిలోనే ఉంది. “నేనే సార్,” అంది.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తనకే తెలియదని ఆమె తర్వాత చెప్పుకుని ఏడ్చింది. ఊళ్లోవాళ్లెవరూ కాదనలేదు. సంఘం పనుల మీద మండలాఫీసుకు తిరిగే ఆమె ఒకరు కనుక్కుని వచ్చి చెప్పింది. లైసెన్సు ఉన్న మనిషి నడుపుతుంటే జరిగిందంటే అది ప్రమాదం. కొన్నాళ్లు లైసెన్సు ఆపి, మందలించి మళ్లీ ఇవ్వొచ్చు. లైసెన్సు లేని మనిషి చేతికిచ్చిందంటే అది నేరం. అర్చన లైసెన్సు పోతుంది, శేఖర్ మీద కేసు గట్టిగా పడుతుంది. అర్చన నోరు విప్పకుండా ఉంటే చాలు.

ఆమె విప్పలేదు. రోజూ కిష్టమ్మ ఇంటికి పోయి వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, అన్నం కలిపి పెట్టి వచ్చేది. శేఖర్ మాత్రం ఆ గడప తొక్కలేకపోయాడు. ఆటో అమ్మేస్తానన్నాడు. చర్చిలో వెనక వరసలో కూర్చుని, ప్రార్థన అయిపోకముందే లేచి పోయేవాడు.

కిష్టమ్మే అతని కోసం అడిగేది. “ఏడి వాడు? రొట్టెలు తినకపాయె గద ఆ దినం. ఇంక మొహం చాటేస్తుండా?” అని నవ్వబోయి, నొప్పికి పెదవి కొరుక్కునేది.

కొన్ని వారాలకు పౌర విమానయాన శాఖ నుంచి నోటీసు వచ్చింది. అధికారి గద్వాల కలెక్టరాఫీసుకు వస్తున్నాడు, లైసెన్సు ఉన్న మనిషి, దెబ్బ తగిలిన మనిషి వచ్చి జరిగింది చెప్పాలి అని. లింగయ్య అర్చన ఇంటికి వచ్చి, “ఏం పరేషాన్ కావొద్దు బిడ్డా. మా ఆడిదానికి మొత్తం చెప్పిన. అర్చననే నడుపుతుండె, నేనే చూడక అడ్డం పోయిన అని చెప్తది,” అన్నాడు. ఎంతో పెద్ద మనసుతో అన్నాడు. అర్చన ఆయన కాళ్లకు మొక్కబోతే పక్కకు జరిగాడు.

అన్నాళ్లలో ఆ రాత్రే ఆమెకు మొదటిసారి నిద్ర పట్టింది.

మరునాడు పొద్దున వైష్ణవి ఫోను చేసింది. నాగర్‌కర్నూలులో మేనత్త కూతురి పెళ్లి ఉందట, అక్కడి నుంచే మాట్లాడుతోంది. వెనక డప్పుల చప్పుడు.

“అక్కా, నీ సంగతి విన్న. ఏం కాదట గద నీకు! నాకు పానం లేచొచ్చింది తెల్సా.”

“నువ్వు ఊర్ల లేవు గద. వరికి కొట్టేదుండె అంటివి?”

“తమ్ముడు కొడుతుండు. మొన్న మూడు చేన్లు కొట్టిండు. ఎవరన్న అడిగితె అక్కే నడిపింది అని చెప్పమన్న. నువ్వు గట్లనే చెప్తివి గదా, నడిచిపాయె.” వైష్ణవి నవ్వింది. “మా ఊర్ల పిల్లలందరు చుట్టూ మూగుతుండ్రట. వాడు హీరో లెక్క పోజులు కొడుతుండట.”

అర్చన ఆమె మాటకు అడ్డం వచ్చింది. “వైష్ణవీ, వద్దని చెప్పు వానికి. ఇప్పుడే చెప్పు.”

“ఎందుకక్కా? ఇంటోడే గద. బయటోనికి ఇచ్చిన్నా?”

ఆ మాట అర్చనకు కొత్త కాదు. అది తను అనుకున్న మాటే. కిష్టమ్మ చేయి సంగతి వైష్ణవికి తెలుసు, అయినా ఆమె అందులోంచి నేర్చుకున్నది వేరే. ఇంటివాణ్ని పంపవచ్చు, అడిగితే మన పేరు చెప్పుకోవచ్చు. తను ఆ గట్టు మీద నిలబడి చెప్పిన ఒక్క మాట పెద్దమందడి దాకా పోయి అట్లా అర్థమైంది. ఇంకా ఎన్ని ఊళ్లకు పోయిందో. ఎవరి తమ్ముడో, ఎవరి భర్తో, చుట్టూ మూగిన పిల్లలో.

ఫోను పెట్టేసి పొయ్యి ముందు కూర్చుంది. పాలు పొంగి నిప్పు ఆరిపోయినా లేవలేదు. ఇస్రాయేలు గోడకు ఆనుకుని ఉన్నచోటి నుంచే, “ఏంది బిడ్డా?” అన్నాడు. ఆమె చెప్పింది. మామ ఆయాసపడుతూనే, “నాకెందుకు చెప్తవ్? వానికి చెప్పు,” అని శేఖర్ ఉన్న దిక్కు తల తిప్పాడు.

శేఖర్ వాకిట్లో ఆటో చక్రం విప్పుతున్నాడు. విచారణలో నిజం చెప్పేస్తానని ఆమె అంటుంటే పాన చేతిలోనే పట్టుకుని విన్నాడు.

“నేను ఆ దినమే చెప్దునంటి,” అన్నాడు. “నువ్వు నా చేతులకెల్లి గుంజుకుంటివి.”

“భయమైంది నాకు.”

“నాకు ఇప్పుడు గూడ భయమే. అయినా కిష్టమ్మత్త మొహం చూస్త గద అప్పుడన్న.” అని మళ్లీ చక్రం వైపు తిరిగాడు. వీపు కదులుతుండడం చూసి అతను ఏడుస్తున్నాడని అర్చనకు తెలిసింది. కొంగుతో అతని మెడ మీది చెమట తుడిచి లోపలికి వచ్చేసింది.

లైసెన్సు ఇక ఉండదని ఆమెకు తెలుసు. డ్రోను ఇంకొకరికి పోతుంది, లేకపోతే మూలన పడి ఉంటుంది. మళ్లీ మగవాళ్లు వీపుల మీద డబ్బాలు ఎత్తుకుంటారు. తను మళ్లీ కొడవలి పట్టుకుని ఒకరి చేనుకు పోవాలి. వాటి కంటే శేఖర్ మీద పడబోయే కేసే ఆమెను లోపల ఎక్కువ కోసింది. బైబిలు సంచిలోంచి కార్డు తీసి చూసింది. ఫొటోలో తను కొంచెం భయంగా, కొంచెం గర్వంగా నవ్వుతోంది.

విచారణ రోజు పొద్దున్నే లింగయ్య ఇంటికి పోయింది. ఆయన బస్సు సంగతి కనుక్కోవడానికి రోడ్డు మీదికి పోయాడు. కిష్టమ్మ స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, ఎడమచేత్తో జడ వేసుకోబోయి కుదరక, జుట్టు భుజాల మీద వదిలేసి కూర్చుంది. అర్చన దువ్వెన తీసుకుని వెనక కూర్చుంది.

“గట్టిగ ఎయ్యి,” అంది కిష్టమ్మ. “పెద్ద సారు ముందట పిచ్చిదాని లెక్క పోవద్దు. నా మాట నమ్మాలె గద.”

“ఏం చెప్తవత్తా?”

“రాత్రంత చదువుకున్న. మా ఆయన సారు లెక్క కూసొని అడుగుతుండె, నేను చెప్తుంటి. అర్చననే నడుపుతుండె సారూ, మోటు మొద్దును, నేనే అడ్డం పోయిన, నాదే తప్పు. ఎట్లుంది?”

అర్చన చేతులు ఆగిపోయాయి.

“ఏందే, జడ ఊడుతది.”

“అత్తా, నీ తప్పు లేదు గద.”

“లేకుంటె ఏమాయె? నా వేళ్లు ఎట్లన్న రావు. నీ కార్డన్న ఉండనియ్యి. ఇంటికి పది కాలాలు అన్నం పెడతది.” ఆమె వెనక్కి తిరిగింది. “ఏడుస్తున్నవా? పిచ్చిదానా. నేను ఏడ్వంది నువ్వెందుకు ఏడుస్తవ్?”

అర్చన వైష్ణవి సంగతి చెప్పింది. తమ్ముడి సంగతి, పిల్లలు మూగుతున్న సంగతి, సారు ముందు తను నిజమే చెప్పబోతున్న సంగతి. కిష్టమ్మ వింటూ వింటూ కట్టు కట్టిన చేతిని మెల్లగా ఒడిలోకి తీసుకుంది.

“వాళ్లకు నువ్వు చెప్తె సాలదా? సారుకెందుకు చెప్పుడు?” అంది. గొంతులో బతిమాలుడు ఉంది. “శేఖర్‌ను పట్టుకపోతరే.”

“నా అబద్ధం నడిచినన్ని దినాలు నా మాట ఎవరు వినరత్తా. ఆయననే ఒప్పుకున్నడు.”

“నాకు ఇష్టం లేదు. ఆ పోరడు ఆకలితోని నా చేను కోసం వచ్చిండు. నేను చెప్ప.”

బయట రోడ్డు మీది నుంచి లింగయ్య కేక వినపడింది, బస్సు వస్తోందని. అర్చన జడ చివర రబ్బరు చుట్టి, ముందుకు వచ్చి, కిష్టమ్మ ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“ఇన్ని దినాల సంది నేను అడగకున్నా అన్ని చేసినవ్ నాకు. ఇయ్యాల నేను అడుగుతున్న, ఈ ఒక్కటి చెయ్యి. నేను చెప్తుంటె నువ్వు అడ్డం చెప్పకు. నిన్ను అడిగితె శేఖరే నడిపిండని చెప్పు, పంపింది నేనే అని చెప్పు. నన్ను చూస్తె నీకు నోరు రాదు. నా దిక్కు చూడకు అత్తా, సారు దిక్కు చూసి చెప్పు.”